పన్నుల సీజన్‌లో ఫిషింగ్ మోసాల నుంచి చిన్న వ్యాపారాన్ని కాపాడుకోవడం ఎలా?

రిటర్నుల గడువు దగ్గరపడే కొద్దీ చిన్న వ్యాపారుల ఇన్‌బాక్స్ నిండిపోతుంది. ఆడిటర్ అడిగే కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతాల లెక్కలు, పన్ను శాఖ మెయిళ్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. నమ్మకమైనవాళ్ల పేరుతో దొంగ మెయిళ్లు, మెసేజ్‌లు పంపి డబ్బూ వివరాలూ కాజేసే (దీన్నే ఫిషింగ్ అంటారు) మోసగాళ్లు కాచుకుని కూర్చునేది ఈ హడావిడి కోసమే. మామూలు రోజుల్లో ‘ఇదేంటి కొత్తగా’ అనిపించే మెయిల్, ఈ నెలలో మాత్రం ‘ఇదీ దానికి సంబంధించిందే అయ్యుంటుంది’ అనిపిస్తుంది.

పెద్ద కంపెనీల్లో భద్రత చూసుకోవడానికి ప్రత్యేక విభాగం ఉంటుంది. చిన్న వ్యాపారంలో మెయిళ్లు చూసేదీ, లెక్కలు రాసేదీ, డబ్బు పంపేదీ చాలాసార్లు ఒక్కరే. వాళ్లు తొందరపడితే ఆపేవాళ్లు ఉండరు. అందుకే కింద చెప్పేవాటిలో సాఫ్ట్‌వేర్ కన్నా అలవాట్ల గురించే ఎక్కువగా ఉంటుంది.

1. అసలు నంబర్లు ముందే రాసి పెట్టుకోండి

సీజన్ మొదలవ్వక ముందే ఒక కాగితం మీద ఆడిటర్ ఫోన్ నంబరు, బ్యాంకు శాఖ నంబరు, పన్ను పోర్టల్ చిరునామా రాసి కంప్యూటర్ పక్కన అంటించండి. పోర్టల్‌ను బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేయండి. ఇక నియమం ఒక్కటే: మెసేజ్ ఏ దారిలో వచ్చిందో ఆ దారిలో తిరిగి వెళ్లకూడదు. మెయిల్‌లో లింకు ఉంటే నొక్కకుండా బుక్‌మార్క్ నుంచి వెళ్లండి. మెయిల్‌లో ఫోన్ నంబరు ఉంటే దాన్ని వదిలేసి, కాగితం మీద రాసుకున్న నంబరుకే చేయండి. శాఖ నుంచి నిజంగా ఏదైనా వచ్చి ఉంటే పోర్టల్‌లో లాగిన్ అయితే సాధారణంగా అక్కడే కనిపిస్తుంది.

శాఖల పద్ధతి తెలిస్తే సగం మెయిళ్లు అక్కడే తేలిపోతాయి. అమెరికాలో పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్ సాధారణంగా మొదట తపాలా ఉత్తరం ద్వారానే సంప్రదిస్తుంది. భారత్‌లో ఆదాయపు పన్ను శాఖ 2019 అక్టోబర్ 1 నుంచి తన నోటీసుల మీద ‘డిన్’ అనే గుర్తింపు సంఖ్య వేస్తోంది. అది అసలైనదో కాదో ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. మీ బ్యాంకు పాస్‌వర్డ్, కార్డు పిన్, ఓటీపీ మెయిల్‌లో అడిగారంటే అది పన్ను శాఖ కాదు.

2. ఏ వేషాల్లో వస్తారో సిబ్బందికి చూపించండి

‘రిఫండ్ మంజూరైంది, ఖాతా వివరాలు ధ్రువీకరించండి’ అన్నది పాత ఎర. ‘24 గంటల్లో స్పందించకపోతే చర్యలు’ అన్నది ఇంకొకటి. నోటీసు పేరుతో జిప్ ఫైల్ పంపి, దాని పాస్‌వర్డ్ మెయిల్‌లోనే ఇస్తారు. వైరస్ స్కానర్ లోపలికి చూడకుండా ఉండాలనే ఆ తాళం. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్‌గా (ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వచ్చే నోటీసును అసలు తెరవకండి.

వీటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేవి తెలిసినవాళ్ల పేరుతో వచ్చేవి. ఆడిటర్ మెయిల్ ఖాతా హ్యాక్ అయితే, పాత సంభాషణ కిందే ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి దీనికి పంపండి’ అని వస్తుంది. చిరునామా నిజమైనదే, సంతకం నిజమైనదే, పాత మెయిళ్లు కూడా నిజమైనవే. అబద్ధం ఆ ఖాతా నంబరు ఒక్కటే. ఖాతా మారిందన్న మాట ఎవరు చెప్పినా, ఎప్పుడు చెప్పినా, ఫోన్‌లో గొంతు విని ఖాయం చేసుకున్నాకే నమ్మండి.

రెండోది యజమాని పేరుతో వచ్చేది. 2016 ఫిబ్రవరి చివర్లో స్నాప్‌చాట్ జీతాల విభాగానికి ఆ సంస్థ సీఈవో పేరుతో మెయిల్ వచ్చింది. నిజమనుకుని కొందరు ఉద్యోగుల జీతాల వివరాలు పంపేశారు. కొద్ది రోజుల్లోనే హార్డ్ డిస్కుల కంపెనీ సీగేట్‌లోనూ ఇలాగే ఉద్యోగుల జీతం, పన్ను కోత వివరాలుండే డబ్ల్యూ-2 ఫారాలు బయటికి పోయాయి. ఎవరూ సర్వర్లు బద్దలు కొట్టలేదు. అడిగారు, ఇచ్చేశారు.

3. లింకు చదవడం నేర్పండి

ఉదాహరణకు ఈ చిరునామా చూడండి: ట్యాక్స్.గవ్.ఫలానా-రిఫండ్.కామ్/లాగిన్. మొదట్లో ‘గవ్’ కనిపించగానే ప్రభుత్వానిదే అనుకుంటాం. చదవాల్సింది అలా కాదు. చిరునామా ముందు ‘https://’ ఉంటే అందులోని రెండు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్నుంచి ఎడమవైపుకు రండి. ఇక్కడ ముందుగా తగిలేది ‘ఫలానా-రిఫండ్.కామ్’. ఈ సైటు యజమాని వాళ్లే. దానికి ఎడమవైపున్నదంతా ఎవరైనా ఎలాగైనా పెట్టుకోగలిగే అలంకారం. తాళం గుర్తును చూసి కూడా నమ్మొద్దు, దొంగ సైటుకూ అది వస్తుంది. క్యూఆర్ కోడ్ వెనుక ఏముందో కంటికి కనిపించదు కాబట్టి పన్నుల మెయిల్‌లో వచ్చిన కోడ్‌ను స్కాన్ చేయకండి.

4. ఆలస్యం చేసే హక్కు సిబ్బందికి ఇవ్వండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, చాలామంది యజమానులు వదిలేసేదీ ఇదే. ‘అర్జంట్, మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు’ అని మీ పేరుతో మెయిల్ వస్తే, మీ అకౌంటెంట్ మిమ్మల్ని అడగడానికి జంకితే మోసగాడు గెలిచినట్టే. అందుకే వాళ్లను కూర్చోబెట్టి మీ నోటితోనే చెప్పండి: “నా పేరుతో ఏ మెయిల్ వచ్చినా, నాతో మాట్లాడకుండా డబ్బూ పంపొద్దు, ఉద్యోగుల వివరాలూ పంపొద్దు. మీటింగ్‌లో ఉన్నా సరే ఫోన్ చెయ్యి. దానివల్ల ఆలస్యమై జరిమానా పడితే అది నా బాధ్యత, నిన్ను ఒక్క మాట కూడా అనను.”

ఆ తర్వాత మాట మీద నిలబడండి. “సార్, మీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది, మీరే పంపారా?” అని ఫోన్ వస్తే, అది మీరు పంపిందే అయినా విసుక్కోకండి. ఒక్కసారి కసిరారంటే రెండోసారి ఎవరూ అడగరు.

పెద్ద మొత్తాలకు, కొత్త ఖాతాలకు ఇద్దరు ఆమోదిస్తేనే డబ్బు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. వ్యాపార ఖాతాలకు చాలా బ్యాంకులు ఈ సదుపాయం ఇస్తాయి.

5. ఖాతాలకు గట్టి తాళాలు వేయండి

మెయిల్, బ్యాంకు, పన్ను పోర్టల్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నిటికీ రెండంచెల లాగిన్ పెట్టండి. ఎస్ఎంఎస్ ఓటీపీ ఏమీ లేనిదానికన్నా మేలే, కానీ దొంగ పేజీలో మీరు కొట్టిన ఓటీపీని మోసగాడు ఆ క్షణంలోనే అసలు సైటులో వాడగలడు. పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్ లేదా కంప్యూటర్‌తోనే లాగిన్ చేయించే పాస్‌కీ ఉంటే అలా సాధ్యం కాదు, ఎందుకంటే అసలు చిరునామాలో తప్ప పాస్‌కీ పనిచేయదు. పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్లకు ఇంకో లాభం: రోజూ తనంతట తానే పాస్‌వర్డ్ నింపేది ఇవాళ నింపలేదంటే, ఆగి చిరునామా చూడండి. మీకు సొంత డొమైన్ (వ్యాపారం పేరుతో ఉన్న వెబ్, మెయిల్ చిరునామా) ఉంటే, మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందో లేదో సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్టింగులు పెట్టమని దాన్ని చూసుకునే వారిని అడగండి. అచ్చంగా మీ చిరునామాతోనే దొంగ మెయిళ్లు పంపడం కష్టమవుతుంది.

6. నొక్కేశారా? వెంటనే ఇలా చేయండి

డబ్బు వెళ్లిపోయి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి. మిగతావన్నీ ఆ తర్వాతే. భారత్‌లో అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వేరే పరికరం నుంచి మార్చి, అన్ని చోట్లా లాగవుట్ చేయండి. తర్వాత మెయిల్ సెట్టింగుల్లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు చూడండి. లోపలికి వచ్చినవాళ్లు మీ మెయిళ్లు తమకూ వెళ్లేలా, బ్యాంకు హెచ్చరికలు మీకు కనబడకుండా పోయేలా అక్కడ ఒక రూల్ పెట్టి వెళ్తుంటారు. దాన్ని తీసేయకపోతే, పాస్‌వర్డ్ మార్చినా మీ మెయిళ్లు వాళ్లకు వెళ్తూనే ఉంటాయి. ఫైల్ తెరిచి ఉంటే ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తప్పించి, తెలిసినవాళ్లకు చూపించే దాకా దాని మీద బ్యాంకు పని చేయకండి. ఉద్యోగుల వివరాలు పోయి ఉంటే ఆ సంగతి అదే రోజు వాళ్లకు చెప్పండి. వాళ్ల పేరుతో ఎవరైనా రిటర్ను వేయకముందే, అప్పు తీసుకోకముందే వాళ్లు జాగ్రత్తపడతారు. ఆడిటర్‌కూ చెప్పండి, ఎందుకంటే మీ మెయిల్ నుంచి వాళ్ల మిగతా క్లయింట్ల దాకా పాకే ప్రమాదం ఉంది.