పాత ‘లైవ్/డెడ్’ రికార్డును కడగడం ఎలా?

అమెరికా రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ 1969లో విడుదల చేసిన రెండు రికార్డుల లైవ్ ఆల్బమ్ ‘లైవ్/డెడ్’ సెకండ్‌హ్యాండ్ ప్రతులు చాలానే నా చేతికి వస్తుంటాయి. వాటిలో కడగక పాడైనవి తక్కువ. ఎవరో ఉత్సాహంగా కడగడం మొదలుపెట్టి, సగంలో వదిలేసినవే ఎక్కువ. రికార్డు కడగడం పెద్ద విద్యేమీ కాదు. అందులో ఒకే ఒక్క దశ దగ్గర జాగ్రత్త కావాలి, సరిగ్గా ఆ దశనే అందరూ తొందరగా ముగించేస్తారు.

ఈ రికార్డుకే ఇంత హడావిడి ఎందుకంటే, మొదటి వైపు మొత్తం ఒకే పాట: ‘డార్క్ స్టార్’, 23 నిమిషాలు. 1969 ఫిబ్రవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్ కచేరీ హాల్లో వాయించినది. ఒక వైపున అంత నిడివి పట్టాలంటే గాడులు (ముల్లు నడిచే సన్నటి కాలువలు) దగ్గర దగ్గరగా, శబ్దం స్థాయి తగ్గించి కోయాలి. దానికి తోడు జెర్రీ గార్సియా గిటార్, ఫిల్ లెష్ బేస్ గిటార్ తప్ప పెద్దగా ఇంకేమీ వినిపించని చోట్లు అందులో ఎన్నో. హోరుమనే రాక్ పాటలో కలిసిపోయే ధూళి చప్పుడు ఇక్కడ పటపటమని బయటపడుతుంది.

కావలసినవి: కార్బన్ ఫైబర్ బ్రష్ ఒకటి, మెత్తటి వెంట్రుకల బ్రష్‌లు రెండు, ఉతికి ఆరబెట్టిన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగైదు, డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా, ఫోటో ఫిల్ములు కడిగేవాళ్లు వాడే వెట్టింగ్ ఏజెంట్ (సబ్బులా పనిచేసి నీళ్లను పల్చగా పరిచే ద్రవం) కొన్ని చుక్కలు, కొత్త లోపలి కవర్లు రెండు. నాలుగు పాళ్ల నీళ్లకు ఒక పాలు ఆల్కహాల్, అర లీటరుకు రెండు చుక్కల వెట్టింగ్ ఏజెంట్. అంతే. హ్యాండ్ శానిటైజర్ వాడకండి, దానిలోని గ్లిజరిన్ గాడిలోనే ఉండిపోతుంది. వాసన సబ్బులు అసలొద్దు.

మధ్యలో ఒక హెచ్చరిక. ఈ ద్రవం వినైల్ (ప్లాస్టిక్) రికార్డులకి మాత్రమే. మీ ఇంట్లో తాతల నాటి 78 ఆర్‌పీఎం తెలుగు ప్లేట్లు ఉంటే వాటి దగ్గరికి దీన్ని రానివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది.

ముందుగా రికార్డును లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి. గోటికి తగిలే గీత ఉంటే అది కడిగితే పోదు, ఆశ వదులుకోండి. తర్వాత పొడి కార్బన్ ఫైబర్ బ్రష్‌తో పైపై దుమ్ము తీయండి. శుభ్రమైన గుడ్డ పరిచి, దానిమీద రికార్డు ఉంచి, ద్రవం వేసి ఒక నిమిషం నాననివ్వండి. బ్రష్‌ను గాడుల వెంటే గుండ్రంగా తిప్పండి, అడ్డంగా కాదు. కుడికి నాలుగు చుట్లు, ఎడమకు నాలుగు చుట్లు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు జాడించడం. ఇక్కడ నెమ్మదించండి.

ద్రవం గాడిలోని మురికిని ఊడదీస్తుంది, బయటికి మాత్రం పంపదు. ఊడిన మురికి ఆ నీళ్లలోనే తేలుతూ ఉంటుంది. గుడ్డతో ఒకసారి తుడిచేసి ‘మెరుస్తోంది కదా’ అని పక్కన పెడితే, గాడిలో మిగిలిన తడి ఆరి, మురికీ సబ్బూ కలిసి గోడలకు అతుక్కుంటాయి. అంట్ల గిన్నెకు సబ్బు రాసి జాడించకుండా బోర్లించినట్టే. అలాంటి రికార్డును వాయిస్తే ముల్లు కొసన తెల్లటి పొడి చేరుతుంది, మునుపు లేని సన్నటి బరబర మొదలవుతుంది. అప్పుడు తిట్లు తినేది పాత రికార్డు అమ్మినవాడు.

అందుకే ద్రవం తడి ఆరకముందే పని సాగాలి. ఒకసారి ఒక వైపు మాత్రమే పెట్టుకోండి. ఫ్యాన్ ఆపేయండి. మన ఎండాకాలంలో ఆల్కహాల్ నిమిషాల్లో ఎగిరిపోతుంది, కాబట్టి ఆ పని పొద్దున్నే చేసుకోవడం మేలు. మొదట మురికి ద్రవాన్ని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీసేయాలి. రుద్దకూడదు. రుద్దితే ఊడిన ఇసుక రేణువులు గాడుల మీద గీతలు పెడతాయి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్ ధారాళంగా పోసి, రెండో బ్రష్‌తో మళ్లీ చుట్లు. ఈ రెండో బ్రష్‌కి సబ్బు ద్రవం ఎప్పుడూ తగలకూడదు. గుర్తుకోసం దాని పిడికి దారం కట్టుకోండి. మళ్లీ అద్దండి. మళ్లీ నీళ్లు, మళ్లీ బ్రష్. రెండుసార్లకు తగ్గితే నేను ఒప్పుకోను.

జాడించడం పూర్తయిందో లేదో చూడటానికి రికార్డును కొంచెం ఏటవాలుగా ఎత్తి పట్టండి. నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోయి జారితే వెట్టింగ్ ఏజెంట్ పోయినట్టు. పల్చటి పొరలా పరుచుకునే ఉంటే ఇంకా మిగిలుంది, మరోసారి పోయండి. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లయితే మరీ వద్దు. ఆరిన తర్వాత వాటిలోని లవణాలు గాడిలో కూర్చుంటాయి. ఆర్వో నీళ్లలోనూ కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి.

లేబుల్ సంగతి వేరే చెప్పాలి. అంత నిడివి కోసిన వైపున గాడులు దాదాపు లేబుల్ దాకా వెళ్తాయి, మధ్యలో ఖాళీ తక్కువ. 1969 నాటి అమెరికా ప్రతి అయితే వార్నర్ బ్రదర్స్ వారి ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది, తడిస్తే ఉబ్బి మచ్చలు పడుతుంది. మడిచిన పొడి గుడ్డను లేబుల్ మీద వేసి ఎడమచేత్తో నొక్కి పట్టి, నీళ్లు బయటి అంచు నుంచి లోపలికి కొద్దికొద్దిగా పోయండి.

నీళ్ల తొట్టిలో శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్ ఉన్నవాళ్లు ఇదంతా చాదస్తం అంటారు. అనుకోనివ్వండి. ఆ తొట్టిలోని మురికి నీళ్లతోనే ఆరబెట్టిన రికార్డులు నేను విన్నాను. జిగురు పోసి పొర ఒలిచే పద్ధతి గురించి మాట్లాడను కూడా మాట్లాడను.

ఆరబెట్టడం తేలిక. గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఓ రెండు గంటలు వదిలేయండి. ఎండలో పెడితే వంకర పోతుంది. బాగా ఆరాక కొత్త కవర్లో పెట్టండి, పాత కాగితపు కవర్ను దాచుకోవాలనుంటే విడిగా దాచుకోండి.

ఇక వాయించండి. ముందు ముల్లు కూడా శుభ్రం చేయాలి. ‘డార్క్ స్టార్’ చివర్లో శబ్దం కాస్త గరగరలాడితే వెంటనే మళ్లీ కడగకండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో బయటి అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు కదులుతుంది, లేబుల్ దగ్గర 20 చిల్లర. అక్కడ ముల్లుకు పని కష్టం, ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ సరిగ్గా అమర్చి ఉందో లేదో చూసుకోవాలి. రెండో వైపు ‘ద ఎలెవెన్’లో తాళం తడబడుతున్నట్టు అనిపిస్తే అదీ ముల్లు తప్పు కాదు, ఆవర్తానికి 11 దెబ్బల పాట అది. ఆ బృందంలోని డ్రమ్మర్ మికీ హార్ట్ తబలా విద్వాంసుడు ఉస్తాద్ అల్లారఖా దగ్గర లయ నేర్చుకున్నవాడు. నాలుగో వైపున ‘ఫీడ్‌బ్యాక్’ అనే భాగం మొత్తం స్పీకర్ల కూతలే, అది విని ఆంప్లిఫయర్ పాడైందని కంగారుపడొద్దు.

ఇంకా టప్ టప్‌మంటుంటే గడియారం చూడండి. కచ్చితంగా 1.8 సెకన్లకోసారి, అంటే చుట్టుకోసారి వస్తుంటే అది గీత. దాన్ని అలాగే ఉండనివ్వండి. ఎప్పుడో ఒకసారి, లెక్క లేకుండా వస్తుంటే మాత్రం మురికి మిగిలింది. ఆ వైపు మళ్లీ జాడించండి, ఈసారి సబ్బు ద్రవం లేకుండా.