పరిహారం పాఠాలు – 3: బండి మీద పేరు ఒకరిది, బాధ్యత ఇంకొకరిది

పోయిన పాఠంలో ఆస్పత్రి కాగితాలు తేదీల వారీగా సర్దుకోవడం చూశాం. అవి మీ చేతిలో ఉండేవి. ఒక రిపోర్టు పోయినా ఆస్పత్రికెళ్లి నకలు తెచ్చుకోవచ్చు. ఈ పాఠం మిమ్మల్ని గుద్దిన బండి తాలూకు ఎదుటివాళ్ల చేతిలో ఉండే రికార్డుల గురించి. అవి ఒకసారి చెరిగిపోతే మళ్లీ రావు. అందుకే ఎంత అడగాలి అనే లెక్క కన్నా ముందు దీన్ని పెట్టాను.

డెలివరీ ట్రక్కు గుద్దితే చాలామంది మొదట చేసేది, బండి మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీకి ఫోన్ చేయడం. "బండి మాది కాదండీ, కాంట్రాక్టర్‌ది" అంటారు. కాంట్రాక్టర్‌ని అడిగితే "డ్రైవర్ మా ఉద్యోగి కాదు, ట్రిప్పుకింత అని వస్తాడు" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు. తిరిగి తిరిగి మీ కాళ్లు అరగడం మాత్రం ఖాయం, అందులో ఒకటి ఇప్పటికే కట్టులో ఉంది.

ఓ కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. సరుకు ఎవరిది, బండి రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది, డ్రైవర్‌కి ఆ రోజు పని చెప్పి డబ్బిచ్చేది ఎవరు, ఇన్సూరెన్స్ పాలసీ ఎవరిది. నాలుగింటిలోనూ ఒకే పేరు వస్తే అదృష్టవంతులు. ఈ వ్యాపారంలో అలా రావడం తక్కువ. బండి అద్దెది కావచ్చు, డ్రైవర్ ఇంకో ఏజెన్సీ మనిషి కావచ్చు. ప్రమాదం ఫొటోలు ఉంటే డ్రైవర్ తలుపు కింది భాగాన్ని జూమ్ చేసి చూడండి. నడిపే సంస్థ పేరు చిన్న అక్షరాల్లో అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో రాష్ట్రాలు దాటి తిరిగే పెద్ద వాణిజ్య ట్రక్కులకు రెండు పక్కలా ఆ పేరు, యూఎస్‌డాట్ నంబర్ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నంబరు) ఉండాలని రూలే ఉంది.

మూడో గడి దగ్గర కాస్త ఆగుదాం, వాదనంతా అక్కడే నడుస్తుంది. పనివాడు పనిలో ఉండగా చేసిన తప్పుకి యజమాని జవాబుదారీ అన్నది చాలా దేశాల్లో ఉన్న సూత్రం. పనిలో ఉండగా అంటే ఏమిటి? గుర్రపు బళ్ల కాలం నాటి రెండు ఇంగ్లండ్ కేసులు చెప్తాను, ఇప్పటికీ పనికొస్తాయి. 1862లో లింపస్ కేసు. పోటీ కంపెనీ బండికి అడ్డం పడొద్దని యజమాని రాతపూర్వకంగా చెప్పినా, డ్రైవర్ అడ్డంగా తోలి ప్రమాదం చేశాడు. "వద్దని చెప్పాం కదా" అన్న వాదన చెల్లలేదు. అతను చేస్తున్నది కంపెనీ పనే, చేసిన తీరు తప్పు, అంతే. కంపెనీయే కట్టాలన్నారు. 1869లో స్టోరీ కేసు. వైన్ డెలివరీ చేసి తిరిగొస్తున్న బండివాడు, తోటి గుమస్తా సొంత పని మీద దారి మళ్లి ఇంకో వైపు తోలాడు. అక్కడ ప్రమాదం జరిగింది. ఇక్కడ యజమానికి బాధ్యత లేదన్నారు.

రెండు కేసులకీ తేడా బండి వెళ్లిన దారిలోనే ఉంది. కాబట్టి ఆ రోజు ట్రక్కు వెళ్లాల్సిన రూటు, ముందు ఆగిన చిరునామా, తర్వాత ఆగాల్సిన చిరునామా మీకు కావాలి. ప్రమాద స్థలం ఆ రెండు చిరునామాల మధ్య ఉంటే "సొంత పని మీద వెళ్లాడు" అనడం కష్టం.

డ్రైవర్ స్వతంత్ర కాంట్రాక్టర్ అన్నారనుకోండి. ఇందులో ఒక్కో దేశానిది ఒక్కో తీరు. అయినా చాలా కోర్టులు అగ్రిమెంట్ మీది పేరుతో ఆగవు. రూటు ఎవరు వేశారు, టైము ఎవరు పెట్టారు, యూనిఫాం ఎవరిది, నచ్చకపోతే తీసేసే అధికారం ఎవరిది అని చూస్తాయి. ఇది గాక కంపెనీ సొంత తప్పు వేరే ఉండొచ్చు: అరిగిన బ్రేకులతో బండి పంపడం, మోయలేనంత లోడు వేయడం, మనిషి చేయలేనన్ని డెలివరీలు ఇవ్వడం. ఇవి డ్రైవర్ ఎవరి మనిషి అన్నదాని మీద ఆధారపడవు.

ఇక రికార్డులు. డ్రైవర్ చేతిలోని స్కానర్ పార్సిల్ ఇచ్చిన ప్రతిసారీ టైము రాసుకుంటుంది. ఉదాహరణకి ఆఖరి స్కాన్ 2:17కి. ప్రమాదం 2:19కి జరిగినట్టు పోలీసు రిపోర్టులో ఉంది. మధ్య దూరం 2.4 కిలోమీటర్లు. రెండు నిమిషాల్లో 2.4 కిలోమీటర్లంటే గంటకు 72. ఇళ్ల మధ్య రోడ్డు మీద అది పెద్ద వేగమే. వెంటనే సంబరపడకండి. 2:17:00కి స్కాన్ అయి 2:19:59కి గుద్ది ఉంటే మధ్యలో దాదాపు మూడు నిమిషాలు, వేగం 48. అదే 2:17:59కి స్కాన్ అయి 2:19:00కి గుద్ది ఉంటే నిమిషం పైన ఒక్క సెకను, వేగం 140 దాటుతుంది. పైగా స్కానర్ గడియారం, రిపోర్టు రాసినవారి గడియారం ఒకటి కావు. ఎదుటి లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. అందుకని ప్రింటు తీసిన కాగితం ఒక్కటే చాలదు, సెకన్లతో సహా అసలు డేటా కావాలి. జీపీఎస్, డాష్‌క్యామ్ కూడా దానితో సరిపోలితేనే లెక్క నిలబడుతుంది.

ఇవి ఎంతకాలం ఉంటాయి? చాలా కెమెరాల్లో కొన్ని రోజుల్లోనే, మహా అయితే కొన్ని వారాల్లో పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. డ్రైవర్ డ్యూటీ లాగ్‌లను అమెరికాలో ఆరు నెలలు, యూరోపియన్ యూనియన్‌లో టాకోగ్రాఫ్ (వేగం, నడిపిన సమయం నమోదు చేసే పరికరం) రికార్డులను కనీసం ఏడాది ఉంచాలి. ఆ తర్వాత చెరిపేసినా తప్పు పట్టలేం. అదీగాక చిన్న డెలివరీ వ్యాన్లు చాలావరకు ఈ రూల్స్ కిందకే రావు. వాటికి స్కానరే లాగ్ బుక్కు.

కాబట్టి ఈ రోజే ఉత్తరం రాయాలి. లాయర్ ఉంటే ఆయన పేరుతో, లేకపోతే మీ పేరుతో. ఇంత చాలు:

"ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట ఈ నంబరు గల మీ వాహనంతో జరిగిన ప్రమాదంలో నేను గాయపడ్డాను. దీనిపై క్లెయిమ్ వేయబోతున్నాను. ఆ రోజు, దానికి ముందు ఏడు రోజుల డ్రైవర్ డ్యూటీ వివరాలు, డెలివరీ స్కాన్ డేటా, జీపీఎస్ డేటా, బండి లోపలా బయటా కెమెరాల రికార్డింగ్, డ్రైవర్‌తో జరిపిన మెసేజీలు, కాల్ వివరాలు, బండి రిపేరు రికార్డులు చెరపకుండా, మార్చకుండా భద్రపరచండి. బండిని మా తరఫు నిపుణుడు చూసేవరకు రిపేరు చేయించవద్దు."

నాలుగు గళ్లలో ఉన్న ప్రతి పేరుకీ ఒక్కో కాపీ, అందినట్టు రుజువు మిగిలే పద్ధతిలో పంపండి. ఇందులో తప్పు ఎవరిదో రాయకండి. ఎంత కావాలో రాయకండి. "ఇప్పుడు కాస్త నయం" లాంటి మర్యాద మాటలు అసలే వద్దు, ఆరు నెలల తర్వాత అదే వాక్యాన్ని మీ ముందు పెడతారు.

ఉత్తరం అందాక కూడా చెరిపేస్తే? 1722లో లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాడికి ఒక నగ దొరికింది. వెల కట్టమని కంసాలికి ఇస్తే అందులోని రాళ్లు కాజేసి ఖాళీ చట్రం వెనక్కిచ్చారు. కేసు కోర్టుకొచ్చింది. రాళ్లు చూపించకపోతే, ఆ చట్రంలో పట్టే మేలైన రాళ్లే ఉండేవని అనుకుని విలువ కట్టమని జడ్జి జ్యూరీకి చెప్పారు. ఆధారాన్ని దాచినవాడికి వ్యతిరేకంగా ఊహించొచ్చనే ఆలోచన ఇప్పటికీ చాలా కోర్టుల్లో బతికే ఉంది. అది మీకు అక్కరకు రావాలంటే, ఉంచమని ముందే అడిగినట్టు రుజువుండాలి.

ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్ల సంగతి ఐదో పాఠంలో వివరంగా చూద్దాం. అప్పటిదాకా రికార్డు చేసే స్టేట్‌మెంట్ ఇవ్వకండి. "పూర్తి, తుది పరిష్కారం" అని ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

గడువు కూడా ఇప్పుడే రాసుకోండి. గాయం కేసులకు ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్లు, కాలిఫోర్నియాలో రెండేళ్లు. భారత్‌లో మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ఆరు నెలలని రాసింది, అది 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ట్రక్కు ప్రభుత్వానిదైతే ఇంకా ముందే నోటీసు ఇవ్వాల్సి రావచ్చు. మీ చోట ఎంతో లాయర్‌ని అడిగి, ఆ తేదీని ఫైలు అట్ట మీదే రాయండి.

ఈ వారం అభ్యాసం: నాలుగు గళ్లు నింపండి. తెలియని గడి ఖాళీగా వదలకుండా, అది ఎవరిని అడిగితే తెలుస్తుందో అందులో రాయండి. ఉత్తరం పోస్టు చేసిన రసీదుని ఫొటో తీసుకోండి. నాలుగో పాఠంలో పోయిన జీతం లెక్క వేద్దాం, మీ గత ఏడాది ఆదాయం కాగితాలు దగ్గర పెట్టుకోండి.