పర్లాకిమిడి నుంచి అమెరికా గుడికి: ఆర్-1 వీసా ఎలా

మనవైపు పంతుళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఆర్-1 అంటే మతపరమైన పనివాళ్ళకి అమెరికా ఇచ్చే తాత్కాలిక వీసా, దానికి ముందు అక్కడి గుడివాళ్ళే ఐ-129 అనే ఫారంతో అమెరికా ఇమిగ్రేషన్‌వాళ్ళకి పిటిషన్ వెయ్యాలి, మనం కాదు. మనం చూపించాల్సింది, పిటిషన్ వేసేనాటికి కనీసం 2 ఏళ్ళుగా ఆ గుడి మత సంప్రదాయంలోనే ఉన్నామని, దానికి గుడి కమిటీ లెటరు, వేదపాఠశాల సర్టిఫికెట్టు, ఉత్సవాల ఫొటోలు పెట్టండి. మా బావ కమిటీ లెటరు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు తర్జుమా లేకుండానే పంపేశాడు, ఇంకేముంది, నెలలు పోయాయి. పని వారానికి కనీసం 20 గంటలు, వీసా గడువు మొదట 30 నెలల దాకా, మొత్తం 5 ఏళ్ళ దాకా. ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్ళొచ్చు, ఒడిశా అక్కడి అమెరికా కాన్సులేట్ కిందకే వస్తుంది. ఈ వీసాలో మోసాలు ఎక్కువని కొందరు, గ్రీన్‌కార్డ్ క్యూ ఇంత పొడుగైతే గుళ్ళు ఎలా నడుస్తాయని కొందరు అక్కడ ఒకటే గొడవ, మోసాల అనుమానంతోనే ఇమిగ్రేషన్ ఆఫీసర్లు అక్కడి గుడికే వచ్చి చూస్తారు. ఏజెంటు "ఊడ్చే పనికైనా ఇదే వీసా" అంటే మాత్రం నమ్మకండి.