కాంపౌండ్ విల్లు నేర్చుకుందాం – 6వ పాఠం: చేతికి సరిపోయే రిలీజ్

పోయిన పాఠంలో మీ డ్రా లెంగ్త్ (నారిని మీరు లాగే దూరం) కొలుచుకున్నారు, నారికి డీ-లూప్ (చిన్న తాడు ఉంగరం) కట్టించుకున్నారు. ఈ పాఠం ఆ లూప్‌కి తగిలించి, వేళ్లకు బదులు నారిని లాగి వదిలే పరికరం గురించి. పూర్తి పేరు రిలీజ్ ఎయిడ్, కానీ వాడేవాళ్లందరూ రిలీజ్ అనే అంటారు. విల్లును నెలల తరబడి వెతికి కొన్నవాళ్లు కూడా రిలీజ్ దగ్గరికి వచ్చేసరికి, బిల్లు కట్టే కౌంటర్ పక్కన వేలాడుతున్న వాటిలో చేతికందింది తీసుకుంటారు. నేనూ అలాగే కొన్నాను. దాని బాధ ఒక జింక పడింది. ముందు ఆ సంగతి చెబుతాను.

టెక్సస్‌లో అది నా మొదటి సీజన్. అక్టోబరు సాయంత్రం. 20 గజాల దూరంలో వైట్‌టెయిల్ జింక పక్కకు తిరిగి నిలబడింది. పెరట్లో అదే దూరం నుంచి కాగితపు పళ్లెంలోకి వరుసగా బాణాలు వేసేవాణ్ని. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కూడా ఇంచుమించు ఆ పళ్లెమంతే. కానీ ఆ రోజు గుండె దడదడలాడుతోంది. సైట్ పిన్ (విల్లు మీద గురి చూసే చిన్న ముల్లు) జింక భుజం వెనక్కి రాగానే వేలితో ట్రిగ్గర్‌ని ఠక్కున కొట్టాను. విల్లు అదిరింది, బాణం పొట్టలోకి పోయింది. రాత్రంతా టార్చి పట్టుకుని వెతికాం. మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాం. దొరకలేదు. తర్వాత ఒక అనుభవజ్ఞుడైన పెద్దాయన నా చేతిని, రిలీజ్‌ని చూసి, మణికట్టుకు కట్టే స్ట్రాప్ నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న కాడ నాకు అంగుళం పొడవెక్కువని చెప్పారు. ట్రిగ్గర్ నా వేలి కొసకు మాత్రమే అందుతోంది. కొసతో కొట్టడం తప్ప నాకు వేరే దారి లేదు. ధర, బ్రాండు, రకం అన్నిటికన్నా ముందు కొలత చూడమని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

అసలు ఈ పరికరం ఎందుకో ఒకసారి చూద్దాం. మన పాత కావ్యాల్లో విలుకాళ్లు వేళ్లకు తొడుక్కునేదాన్ని అంగుళిత్రాణం అన్నారు. అది నారి దెబ్బ నుంచి వేళ్లను కాపాడేది. రిలీజ్ పని వేరు, వేళ్ల వల్ల బాణం చెడిపోకుండా చూస్తుంది. వేటకు వాడే కాంపౌండ్ విల్లు, అంటే రెండు కొసల్లో చక్రాలున్న విల్లు, పొట్టిది. చాలావాటిలో పై చక్రం ఇరుసు నుంచి కింది చక్రం ఇరుసు దాకా 30 నుంచి 33 అంగుళాలు ఉంటుంది. పూర్తిగా లాగితే నారి సన్నటి కోణంలో వంగి వేళ్లను నొక్కేస్తుంది. వదిలినప్పుడు వేళ్ల మీంచి దొర్లుతూ పక్కకు ఊగుతుంది, బాణమూ దాంతోపాటే పక్కకు వంగుతుంది. రిలీజ్ లూప్‌ని ఒక్కచోటే పట్టుకుని ఒక్కసారిగా తెరుచుకుంటుంది కాబట్టి నారి నేరుగా ముందుకు పోతుంది. పైగా లెటాఫ్ ఉండనే ఉంది, అంటే పూర్తిగా లాగాక చేతి మీద బరువు తగ్గిపోవడం. 60 పౌండ్ల విల్లుకి 80 శాతం లెటాఫ్ ఉంటే చివర్లో చేతి మీద ఉండే బరువు 12 పౌండ్లే. నిదానంగా గురి చూసి, నిదానంగా వదలడానికి ఈ విల్లు వీలిస్తుంది. ఆ వీలును వేలి కొసతో పాడు చేసుకోకూడదు.

ఇండియా నుంచి చదువుతున్నవాళ్లకు ఒక మాట. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మీరు ఈ పాఠాన్ని టార్గెట్ కోసం చదవండి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతోనే. ఆ పోటీల్లో గురి దూరం 50 మీటర్లు. రికర్వ్ (చక్రాలు లేని విల్లు) పోటీల్లో వేళ్లతోనే లాగాలి, కాంపౌండ్‌లో రిలీజ్‌కి అనుమతి ఉంది. అమెరికాలో వేటకు వెళ్లేవాళ్లు మాత్రం మొదటి పాఠంలో చెప్పిన లైసెన్సు, హంటర్ ఎడ్యుకేషన్ పనులు పూర్తిచేశాకే ముందుకు రండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఆ కోర్సు తప్పనిసరి. మిగతా రాష్ట్రాల్లో నిబంధనలు వేరుగా ఉంటాయి.

ఇక రకాలు. కొత్తగా వేటకు దిగేవాళ్లకు నేను చెప్పేది మణికట్టుకు కట్టుకునే చూపుడువేలి రిలీజ్. లాగేటప్పుడు బరువంతా స్ట్రాప్ మీద, మణికట్టు మీద పడుతుంది కాబట్టి వేళ్లు అలసిపోవు. చేతికి కట్టి ఉంటుంది కాబట్టి చెట్టు మీది స్టాండ్ నుంచి జారి పడదు. స్ట్రాప్‌కి బకిల్ ఉన్నదే తీసుకోండి. వెల్‌క్రో అయితే రోజుకో బిగువు వస్తుంది, దాంతో ట్రిగ్గర్ రోజుకో చోటికి జరుగుతుంది. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో దాన్ని విప్పితే చర్రుమని వచ్చే శబ్దం జింకకు బాగా వినిపిస్తుంది. బకిల్‌కి ఏ రోజైనా అదే రంధ్రం.

కొలత చూసుకునే పద్ధతి ఇది. షాపులో చేతిని గాలిలో పెట్టి చూస్తే సరిపోదు, బరువు పడగానే స్ట్రాప్ ముందుకు జరుగుతుంది. గట్టి నైలాన్ తాడు తీసుకుని మీ డ్రా లెంగ్త్‌కి సరిపడా ఉచ్చులా ముడివేయండి. ఒక కొసను విల్లు పట్టే చేతి బొటనవేలి సందులో పెట్టుకోండి, రెండో కొసకు రిలీజ్ తగిలించి గట్టిగా లాగండి. ఇప్పుడు చూపుడువేలిని ట్రిగ్గర్ మీద వేయండి. ట్రిగ్గర్ రెండో కణుపు మడతలో కూర్చోవాలి. బకెట్ పిడిని వేళ్లు పట్టుకుంటాయే, అలా వేలు వంగి ఉండాలి. కొస మాత్రమే తగులుతుంటే కాడ తగ్గించండి. కాడ పొడవు మార్చుకునే వీలు లేని రిలీజ్‌ని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

ట్రిగ్గర్ బిగువు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ముట్టుకుంటే పేలేంత తేలిగ్గా పెట్టుకుంటే బాగుంటుందనిపిస్తుంది. నిజానికి అప్పుడు వేలికి ట్రిగ్గర్ అంటే భయం మొదలవుతుంది. భయపడిన వేలు ట్రిగ్గర్‌ని పట్టుకోదు, కొడుతుంది. కొంచెం బిగువు పెంచండి. వేలిని ధైర్యంగా ట్రిగ్గర్ చుట్టూ వేసి, అక్కడి నుంచి వేలిని మర్చిపోయి, మోచేతిని వెనక్కి లాగుతూ ఉండండి. వీపు మీది రెక్క ఎముక వెన్నెముక వైపు జరుగుతున్నట్టు తెలియాలి. బాణం ఎప్పుడు వెళ్లిందో మీకే ఒక క్షణం ఆశ్చర్యం కలిగితే పద్ధతి సరిగ్గా ఉన్నట్టు.

రెండో రకం బొటనవేలి బటన్ ఉన్నది. మూడు లేదా నాలుగు వేళ్లతో పిడికిట్లో పట్టుకుంటారు. దీని గొప్పతనం యాంకర్‌లో, అంటే పూర్తిగా లాగాక చేయి ముఖానికి ఆనే చోటులో ఉంది. చూపుడువేలు, మధ్యవేలు మెటికల మధ్య పల్లం దవడ ఎముకకు ఆనుకుని ప్రతిసారీ అదే చోట కూర్చుంటుంది. కొన్నిటిని డీ-లూప్‌కి తగిలించి వదిలేయొచ్చు, జింక కనిపించాక చేయి అక్కడికి వెళ్తే చాలు. బటన్‌ని బొటనవేలి కొసకు కాక మొదట్లో ఆనేలా పెట్టుకోవాలి, కారణం పైన చెప్పిందే. ఇబ్బంది ఏమిటంటే ఇది కిందపడిపోగలదు. 20 అడుగుల ఎత్తున కూర్చున్నప్పుడు రిలీజ్ కింద ఆకుల్లో పడితే ఆ పూట అయిపోయినట్టే. మణికట్టుకు తాడు కట్టుకోండి. చూపుడువేలితో కొట్టే అలవాటు ఎంతకూ పోనివాళ్లకు దీనికి మారడం నిజంగా మేలు చేస్తుంది. నేనూ నాలుగో ఏడు దీనికే మారాను.

మిగతా రెండూ వేటకు మొదటి రిలీజ్‌గా వద్దు. హింజ్‌కి ట్రిగ్గరే ఉండదు, చేతిలో కొద్దిగా తిరిగితే వదిలేస్తుంది. చలికి, టెన్షన్‌కి చేయి బిగుసుకున్నప్పుడు లాగుతూ ఉండగానే తిరిగిపోతే ప్రమాదం. రెసిస్టెన్స్ రకం మనం పెట్టుకున్న బరువు దాటగానే తెరుచుకుంటుంది. చివర్లో నిలిపే బరువు 12 పౌండ్లు అనుకుంటే, దానికన్నా రెండు మూడు పౌండ్లు ఎక్కువకు పెడతారు. విల్లు బరువు మారిస్తే దీన్నీ మళ్లీ సరిచేయాలి. ట్రిగ్గర్ కొట్టే జబ్బుకు ఇది చాలా మంచి మందు, పెరట్లో సాధనకు వాడండి.

ఏ రకమైనా షాపులోనే ఒక పరీక్ష చేయండి. కళ్లు మూసుకుని, వేటకు వేసుకునే చేతితొడుగుతో, పదిసార్లు లూప్‌కి తగిలించండి. తెల్లవారుజామున చీకట్లో, చూపు జింక మీద పెట్టి చేయాల్సిన పని ఇది. తెరిచి ఉండే కొక్కెం త్వరగా తగులుతుంది. దవడల్లా పూర్తిగా మూసుకునేది నమ్మకంగా పట్టుకుంటుంది కానీ చీకట్లో వెతుక్కోవాలి. మూసుకునేటప్పుడు వచ్చే టక్కు శబ్దం కూడా వినండి. ఒకటి నచ్చాక అదే రకం రెండోది కొని, అదే కొలతకు సర్ది, సంచిలో పెట్టుకోండి. చేతికి అలవాటు లేని రిలీజ్‌తో జీవాన్ని గురి చూడడం తప్పు.

జాగ్రత్తలు. లాగేటప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ వెనకాల ఉండాలి, దాని మీద కాదు. యాంకర్ కుదిరి, పిన్ గురి మీదికి వచ్చాకే వేలు ముందుకు రావాలి. లాగుతూ ఉండగా ట్రిగ్గర్ తగిలితే మీ పిడికిలే మీ మూతికి తగులుతుంది, బాణం ఎటో పోతుంది. విల్లును ఆకాశం వైపు ఎత్తి లాగకండి. బాణం లేకుండా నారిని ఎప్పుడూ వదలకండి, విల్లు విరుగుతుంది.

ఈ వారం సాధన: మొదటి మూడు రోజులు విల్లు ముట్టుకోకుండా తాడు ఉచ్చుతోనే, రోజుకు 30 సార్లు. ఎడమచేయి ముందుకు తోస్తూ, కుడి మోచేయి వెనక్కి లాగుతూ ఉండగా రిలీజ్ దానంతట అది తెరుచుకోవాలి. కుడిచేతిలో కొద్దిపాటి బరువే పెట్టండి, లేకపోతే తాడు తగులుతుంది. నాలుగో రోజు నుంచి టార్గెట్‌కి నాలుగు గజాల దూరంలో నిలబడి, గురి బొమ్మ తీసేసి, బాణం తగిలించి లాగాక కళ్లు మూసుకుని రోజుకు 20 బాణాలు వేయండి. వెనక మనుషులు, పెంపుడు జంతువులు తిరిగే చోట చేయకండి. ప్రతి బాణం తర్వాత వేలు కొట్టిందా, లాగిందా అని పుస్తకంలో రాసుకోండి. ఏడో రోజుకు 20లో 15 లాగినవి ఉంటే పీప్ సైట్ (నారిలో పెట్టుకుని గురి చూసే చిన్న రంధ్రం) పాఠానికి రండి. లేకపోతే ఇంకో వారం ఇక్కడే ఉండండి.