బ్లూ లైట్‌లో ట్యూమర్ చూసుడు ఎట్లా

హైదరాబాద్‌ల న్యూరోసర్జరీ రెసిడెన్సీకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం రాస్తున్నా. గ్లయోమా (మెదడులనే పుట్టే ట్యూమర్) అంచు దగ్గర వైట్ లైట్‌లో ట్యూమర్ ఏదో మంచి మెదడేదో చాలాసార్లు తెలియదు. నావిగేషన్ (ముందు తీసిన ఎంఆర్ఐ మీద చోటు చూపించే యంత్రం) ఉంది గదా అంటారు, కానీ డ్యూరా (మెదడు మీది పొర) తెరిచి సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే నీరు) పోయినంక మెదడు జరుగుతది, ఎంఆర్ఐ బొమ్మ మాత్రం అక్కడే ఉంటది.

పని వార్డులనే మొదలైతది. 5-ఏఎల్ఏ (ట్యూమర్‌ని నీలి లైట్‌లో ఎర్రగ వెలిగించే మందు) కిలోకి 20 మిల్లీగ్రాములు, అనస్థీషియాకి దాదాపు 3 గంటల ముందు తాగించాలి. 1.5 గ్రాముల సీసాలో 50 ఎంఎల్ నీళ్ళు కలిపితే 60 కిలోల మనిషికి 40 ఎంఎల్ వస్తది. ముందు కేసు లేటైతే ఈ టైం లెక్కంతా తప్పుతది, అందుకే ఓటీకి ఫోన్ కొట్టి అడిగినాకనే కలపండి.

మైక్రోస్కోప్‌ని బ్లూకి మార్చే ముందు రక్తం శుభ్రంగా కడగాలి, సన్నని పొర ఉన్నా కింద వెలుగు కనపడదు, ఓటీ లైట్లు ఆపేయాలి, లెన్స్ దగ్గరగా నిటారుగా పెట్టాలి. దాదాపు 400 నానోమీటర్ల నీలి లైట్ వేస్తే 635 దగ్గర ఎరుపు వస్తది. గట్టి ఎరుపైతే ట్యూమర్ ముద్ద, లేత గులాబీ అంటే కణాలు మెదడులోకి పాకిన అంచు, మామూలు మెదడు నీలంగనే ఉంటది. రక్తం కారుతుంటే మాత్రం వైట్‌కి వచ్చే ఆపాలి, నీలంలో బైపోలార్ (కరెంటుతో రక్తం ఆపే చిమటా) పెట్టుడు గుడ్డిగా పెట్టినట్టే.

ఇగ అసలు విషయం, వెలగలేదు గాబట్టి మంచిదే అనుకోవద్దు. లో గ్రేడ్ (మెల్లగ పెరిగే ట్యూమర్) చాలావరకు వెలగదు, నెక్రోసిస్ (చచ్చిన ట్యూమర్ భాగం) కూడా వెలగదు. ఉల్టాగ వెంట్రికల్ (మెదడు లోపల నీరుండే గది) గోడ ట్యూమర్ లేకున్నా ఒక్కోసారి వెలుగుతది. గులాబీ మోటార్ ఏరియాలోకి (చేతులు కాళ్ళు కదిలించే భాగం) పోతే స్టిమ్యులేటర్ (సన్న కరెంటుతో ఆ భాగాన్ని పరీక్షించే పరికరం) మాటే వినాలి, కెమెరాకి చెయ్యి కదులుతదో లేదో తెలియదు గదా. అట్లని దీన్ని తక్కువ చేసుడు కాదు, 2006 జర్మన్ ట్రయల్‌లో ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు) తీసుకునే ట్యూమర్ పూర్తిగా తీయగలిగింది 5-ఏఎల్ఏతో 65 శాతం మందిలో, వైట్ లైట్‌తో 36 శాతమే.

మందు అవసరంలేని హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాలు కూడా వస్తున్నయ్, ప్రతి పిక్సెల్‌కి మొత్తం స్పెక్ట్రమ్ చదువుతయ్, ఇంకా ఎక్కువగా రీసెర్చ్‌లనే.

అంచు బయాప్సీలు గులాబీది వేరే, నీలంది వేరే డబ్బాల్లో పంపండి. ఈ మందు తాగినంక ఎండ తగిలితే చర్మం కాలుతది, అందుకే తర్వాత కనీసం 24 గంటలు పేషెంట్‌ని కిటికీ పక్క బెడ్ మీద వేయొద్దు, మే నెలలైతే అస్సలొద్దు.