అమెరికాలో పిల్లల సెక్యూరిటీ క్లియరెన్స్‌కు ఇక్కడి తల్లిదండ్రులు రాసి పంపవలసిన వివరాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం ప్రాంతాల తెలుగు ఇళ్ల నుంచి వెళ్లి అమెరికా పౌరులైన పిల్లలు అక్కడి రక్షణ రంగ ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కోరినప్పుడు, తాము ఇక్కడ ఉండడమే అడ్డంకి అవుతుందేమోనని తల్లిదండ్రులు దిగులుపడతారు. ఈ క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్న 13 మార్గదర్శకాల్లో ‘విదేశీ ప్రభావం’ ఒకటి. బంధువులు ఉన్నారా లేదా అన్నదానికన్నా, వారి ద్వారా ఎవరైనా ఆ ఉద్యోగిపై ఒత్తిడి తేగలరా అన్నదే అందులో ముఖ్యం. ఏ దేశం, బంధువుల ఉద్యోగమేమిటి, అమెరికాలో అతని జీవితం ఎంతగా వేళ్లూనింది అన్నవి కలిపి తూకం వేస్తారు. అయితే ఉన్న బంధువును దాచడం వేరొక దోషం. తెలిసి అబద్ధం రాయడం అక్కడ నేరం.

క్లియరెన్స్ కోసం పిల్లలు నింపే ఎస్‌ఎఫ్‌-86 అనే ఫారంలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు మరణించినవారైనా సరే ఉండాలి. మన వరుసలతో ఇక్కడే చిక్కు వస్తుంది. పెదనాన్న కొడుకును మనం ‘అన్నయ్య’ అంటాం, కాని ఆ ఫారంలో అతడు తోబుట్టువు కాడు. గత ఏడేళ్లలో దగ్గరి రాకపోకలుంటే అతని పేరు విదేశీ పరిచయాల విభాగంలోకి వెళుతుంది. కనుక ప్రతి పేరు పక్కన ‘నాన్నగారి అన్న కుమారుడు’ అని విడమరచి రాయండి.

పేర్ల అక్షరక్రమాన్ని పాస్‌పోర్టుతో సరిచూడండి; ఒడియా రికార్డుల్లో ఇంటిపేరు వేరుగా ఉంటే రెండు రూపాలూ ఇవ్వండి. గజపతి, రాయగడ జిల్లాలు 1992లో ఏర్పడ్డాయి గనుక, పాత ధ్రువపత్రాల్లో గంజాం, కొరాపుట్ అని ఉండడం సహజం. ఆ మాట కూడా ఒక వాక్యంలో చెప్పాలి.

ఉద్యోగాల విషయంలో మొహమాటం వద్దు. సునాబెడలోని ప్రభుత్వ విమాన ఇంజిన్ల సంస్థ హెచ్‌ఏఎల్‌లో పనిచేసే తమ్ముడు, సైన్యంలో ఉన్న బావమరిది వంటివారి వివరాలు తప్పక రాయాలి, ఎందుకంటే ప్రభుత్వంతో, సైన్యంతో, రక్షణ పరిశ్రమతో ఉన్న సంబంధాన్ని ఫారం సూటిగా అడుగుతుంది. రోజూ వీడియో కాల్ మాట్లాడుతుంటే రోజూ అనే రాయాలి. పిల్లలు మీకు పంపే డబ్బు, వారి పేరున ఇక్కడున్న పొలం, ఇల్లు, బ్యాంకు ఖాతా విలువతో సహా చెప్పండి.

క్లియరెన్స్ వచ్చాక ఇండియాకు రావాలంటే వారు ముందుగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. అందుచేత ఇంట్లో పెళ్లి ముహూర్తం ఖాయమైన రోజే తేదీలు వారికి పంపండి.