ముందు గోడ, తర్వాతే ఎక్సెల్

సాఫ్ట్‌వేర్ చేయించుకునే సంస్థలకు వెళ్లి వాళ్ల అవసరాలు రాసుకురావడం నా ఉద్యోగం. ఇక్కడ చెప్పేది ఒక డెయిరీలో చేతులు కాల్చుకుని నేర్చుకున్న పద్ధతి. అక్కడ ప్రతి విభాగమూ చెప్పింది చెప్పినట్టు ఎక్సెల్‌లో ఎక్కించాను. 214 వరుసలు వచ్చాయి. పని కూడా విభాగాల వారీగానే పంచాం. నాలుగు నెలలకు స్టోర్స్ నివేదికలన్నీ సిద్ధం, పాలు పోసే రైతుకు బిల్లు మాత్రం రాదు! బిల్లుకు కావలసిన ముక్కలు మూడు విభాగాల జాబితాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి.

అందుకే ఇప్పుడు విభాగాల దగ్గరకు ముందుగా వెళ్లను. డెయిరీ అయితే తెల్లవారకముందే పాలకేంద్రం దగ్గర నిలబడతాను. రైతు క్యాను దించడం, కొలత, నమూనా తీసి వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) చూడటం, రేటు కట్టడం, చీటీ ఇవ్వడం, పదిహేను రోజులకోసారి చెల్లింపు. ఒక్కో మెట్టును ఒక్కో కాగితం మీద రాసి, జరిగే వరుసలో గోడకు అడ్డంగా అంటించండి. ప్రతి మెట్టు కిందా దాని అవసరాలు నిలువుగా రావాలి. ఎక్కడా ఇమడనిదాన్ని పక్కన పెట్టి, ఎవరికి, ఎందుకు కావాలో అడగండి. చాలావరకు అక్కడే రాలిపోతాయి.

ఇక రాసే తీరు. 'సిస్టమ్ వాడటానికి సులువుగా ఉండాలి' అని రాస్తే అది అయిందో లేదో ఎవరు తేల్చాలి? నేను ఇలా రాస్తాను: 'రైతు కేంద్రం వదిలేలోపు లీటర్లు, వెన్న శాతం, రేటు ఉన్న చీటీ చేతికి అందాలి. తేడా ఉంటే అప్పటికప్పుడే అడగగలగాలి.' దాని కిందే పరీక్ష: 'కరెంటు లేనప్పుడు ఇరవై మంది పాలు పోస్తే, కరెంటు వచ్చాక ఇరవై మంది లెక్కా సరిపోవాలి.' ఈ కరెంటు సంగతి ఏ మేనేజరూ చెప్పలేదు. కేంద్రం నడిపే ఆవిడ బల్ల మీద కంప్యూటర్ పక్కనే నలిగిన నోటుబుక్కు కనిపిస్తే, ఇదెందుకమ్మా అని అడిగాను.

ఏది ముందు అన్నదానికి, 1994లో సాఫ్ట్‌వేర్ నిపుణుడు డాయ్ క్లెగ్ రూపొందించిన మాస్కో (MoSCoW) పద్ధతి చాలు. ఊరి పేరు కాదు, Must, Should, Could, Won't అన్న మాటల నుంచి వచ్చింది: తప్పనిసరి, ఉండాలి, ఉంటే మంచిది, ఈసారి వద్దు. అందరూ తమది తప్పనిసరే అంటారు. 'ఇది లేకపోతే మొదటి రోజు కేంద్రం తెరవలేమా?' అని అడగండి. తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటితే ప్రణాళికకు ఊపిరాడదు. 'ఈసారి వద్దు' జాబితా మీద సంతకం తీసుకోవడం మరవకండి. తగాదాలన్నీ దాని దగ్గరే.

ఆ తర్వాత ప్రతి మెట్టు కిందా ముఖ్యమైనవాటిని పైకి జరిపి, గోడ మీద అడ్డంగా ఒక గీత గీయండి. గీతకు పైనున్నదే మొదటి విడత: ఒక్క కేంద్రం, ఆవు పాలు మాత్రమే, కానీ కొలత నుంచి చెల్లింపు దాకా అన్ని మెట్లూ ఉండాలి. బ్యాంకుకు పంపే జాబితా కొన్నాళ్లు చేత్తో తయారు చేసినా ఫరవాలేదు.

ఇలా చేసిన రెండో డెయిరీలో స్టోర్స్ మేనేజరు 31 నివేదికలు అడిగారు. రెండింటిని రెండో విడతలో చేర్చాం. మిగతా వాటి కోసం ఆయన ఇంతవరకు ఫోను చేయలేదు.